ఆకలి మాత్రమే తెలిసిన కండరం

విజయనగరం డిపోలో కండక్టరు సన్యాసమ్మ అంత భక్తురాలు లేదని పేరు. సోమవారం శివుడికి, మంగళవారం ఆంజనేయుడికి, గురువారం బాబాకి, శుక్రవారం లక్ష్మీదేవికి, శనివారం వెంకన్నకి, ఆదివారం సూర్యనారాయణమూర్తికి ఉపవాసం. బుధవారం ఒక్కరోజే కడుపునిండా తినేది. ఎందుకంటే బుధవారం ఆమెకు డ్యూటీ ఉండదు. ఇంత చిన్న సంగతి పద్దెనిమిదేళ్ళలో ఒక్కరికీ తట్టలేదు. ఆడది తిండి మానేస్తే మనవాళ్ళు దండం పెడతారు గానీ, ఎందుకు మానేసిందని అడగరు.

ఇంట్లో అత్త అప్పయ్యమ్మకైతే కోడలి నిష్ఠ చెప్పుకోవడానికి నోరు చాలేది కాదు. "మా కోడలు పచ్చి మంచినీళ్ళైనా ముట్టదమ్మా డ్యూటీ దిగీదాకా. దాని పుణ్యమే ఈ కొంపని కాస్తన్నాది" అని వీధిలో వాళ్ళకి చెప్పేది. ఆ మాట విన్నప్పుడల్లా సన్యాసమ్మకి ఒళ్ళు మండిపోయేది. కానీ ఏం చెబుతుంది? కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది.

అసలు సంగతి రెండో కాన్పు దగ్గరుంది. బిడ్డ తల ఇరుక్కుపోతే ఇనుప పట్టకార్లు వేసి లాగారు. కింద వెనకదాకా చిరిగింది. నాలుగు కుట్లు వేసి తల్లీబిడ్డా క్షేమమన్నారు, ఇంటికి పొమ్మన్నారు. బిడ్డ క్షేమమే, ఇప్పుడు పాలిటెక్నిక్ చదువుతున్నాడు. తల్లి సంగతి ఎవరికి కావాలి? బాలింతగా ఉండగానే తెలిసింది, గాలి ఆగదని. తర్వాత విరేచనమూ ఆగదని. వచ్చేది తెలిసేది కాదు, తెలిసేసరికి వచ్చేసేది. తుమ్మితే భయం, బరువెత్తితే భయం, సాలూరు రోడ్డు గతుకుల్లో బస్సు ఎగిరితే మరీ భయం. రెండుంబావు గంటల దారి, నిలబడి టిక్కెట్లు కొట్టాలి, చుట్టూ ఎనభై మంది. టిక్కెట్ల సంచి అడుగున ఎప్పుడూ ఒక లంగా, ఒక పాత తువ్వాలు ఉండేవి. లోపల ఏమీ లేకపోతే బయటికేమీ రాదు గదా అని ఆమే ఒక వైద్యం కనిపెట్టుకుంది. దానికి దేవుళ్ళ పేర్లు పెట్టుకుంది.

పోయినేడాది డిపోలో ఆడ ఉద్యోగులకు వైద్య శిబిరం పెట్టారు. బీపీ, షుగరు అయిపోయాక ఒక ముసలి డాక్టరమ్మ తెర వెనక కూర్చోబెట్టి, కళ్ళజోడు పైనుంచి చూస్తూ తిన్నగా అడిగింది. "గాలిగానీ విరేచనంగానీ నీకు తెలీకుండా జారిపోతుందా అమ్మా? సిగ్గుపడకు, పిల్లల్ని కన్నవాళ్ళని అందర్నీ అడుగుతున్నా."

సన్యాసమ్మ ముందు ఏడ్చింది. తర్వాత ఆమెకి కోపమొచ్చింది. "ఈ ప్రశ్న పద్దెనిమిదేళ్ళనుంచి ఎక్కడ దాచీసారమ్మా? పురిటాసుపత్రిలో అడగలేదు, బిడ్డకి సూదులేసినప్పుడు అడగలేదు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అప్పుడూ అడగలేదు. నాను సచ్చీవరకూ ఆగుదామనుకున్నారేటి?"

డాక్టరమ్మ ఆ మాటకి నొచ్చుకోలేదు. పక్కకి పడుకోబెట్టి గ్లౌజు వేలితో పరీక్ష చేసింది. బిగించమంది, వదలమంది. ఆ తర్వాత విశాఖ పంపి లోపల సన్నని గొట్టంతో స్కానింగ్ తీయించింది. చిన్న బుడగ పెట్టి గాలి నింపుతూ ఎంత నిండితే తెలుస్తుందో, ఎంతసేపు ఆపగలదో కొలిపించింది. మలద్వారం చుట్టూ ఉంగరంలా ఉండాల్సిన కండరం, గడియారం ముఖంతో పోలిస్తే పది గంటల నుంచి రెండు గంటల దాకా ఉండేంత మేర, లేనే లేదని తేలింది. పద్దెనిమిదేళ్ళనాటి చిరుగు అలాగే ఉండిపోయింది. ఆర్నెల్లు బిగించే వ్యాయామాలు, విరేచనం గట్టిపడే మాత్రలు, ఏం తినాలో ఏం తినకూడదో ఒక కాగితం. సగం నయమైంది. అదే ఆమె జీవితంలో ఎవరైనా ఆమెకిచ్చిన పెద్ద బహుమానం. మిగతా సగానికే ఆ డాక్టరమ్మ ఆమెను కొండమీద కొత్త కండరాలు తయారుచేసే ఒక పరిశోధన ల్యాబ్‌కి పంపింది.

ల్యాబ్‌లో చేసేది వినడానికి మాయలాగే ఉండేది. తొడ కండలోంచి గోరంత ముక్క తీశారు. దాన్ని గాజుపళ్ళెంలో ఆరువారాలు పెంచి ఉంగరం చేశారు. ఆ ఉంగరాన్ని చిరిగిన చోట అతికించి, వెంట్రుకంత తీగతో నరానికి కలిపారు. కండరం ఎప్పుడు బిగిసిందో ఎప్పుడు వదిలిందో ల్యాబ్‌కి పంపే అగ్గిపెట్టెంత డబ్బా నడుముకి కట్టారు. కండరం పుట్టుకతో ఏమీ ఎరగదు, పసిబిడ్డ లాంటిది. నూట ఇరవై రోజుల్లో మనిషి ఒంట్లో ఉండి నేర్చుకుంటుంది, ఎప్పుడు బిగించాలో ఎప్పుడు వదలాలో. నూట ఇరవయ్యో రోజు దాటాక గట్టిపడిపోతుంది. నేర్చుకున్నదే ఇక జన్మంతా చేస్తుంది.

"ఇది మన గడ్డ మీద పుట్టిన కండరం. దీనికోసం పదిహేనేళ్ళు పట్టింది నాకు" అన్నాడు ల్యాబ్ పెద్ద డాక్టర్ చక్రపాణి మొదటిరోజున, పన్నెండుమంది ఆడవాళ్ళని వరసగా కూర్చోబెట్టి. మాటలో గర్వముంది, అబద్ధం లేదు. నిజంగానే పెళ్ళాం పిల్లల మొహం చూడకుండా పనిచేసిన మనిషి.

పేర్లు బయటపడకూడదని అందరికీ నంబర్లిచ్చారు. సన్యాసమ్మ ఏడు. రోజూ సాయంత్రం నర్సు ఫోన్ చేసి ఒకే ప్రశ్న అడిగేది. ఇవాళ ఎన్నిసార్లు జారింది? గురువారం గురువారం ల్యాబ్‌కి వెళ్తే వెయిటింగ్ హాలు గోడ మీద పెద్ద చార్టు. సున్నా వచ్చిన రోజుకి బంగారు రంగు నక్షత్రం అతికించేవారు. "ఏడో నంబరు వారమంతా నక్షత్రాలే! శభాష్!" అని నర్సు చప్పట్లు కొట్టేది. బడిపిల్లలకంటే అన్యాయంగా తయారయ్యారు ఆ పన్నెండుమందీ. ఒకరితో ఒకరు మాట్లాడుకునేవాళ్ళు కాదు. వస్తూనే చార్టు చూసుకునేవారు. నర్సు తనకంటే ముందు నాలుగో నంబరుకి నక్షత్రం అతికిస్తే సన్యాసమ్మకి ఆ రాత్రి అన్నం సహించేది కాదు.

సహించకపోవడం ఏమిటి, ఆమె తినడమే మానేసింది. ఇదివరకు డ్యూటీ దిగాక ఒంటిపూటైనా తినేది. ఇప్పుడు ఆ పూట కూడా గంజి, అరటిపండు ముక్క. బుధవారాలు కూడా వదల్లేదు. ఇన్నేళ్ళకి ఒకరు నయం చేస్తామని ముందుకొచ్చారు, వాళ్ళ చార్టు పాడుచేస్తే పాపం కాదా? మందు పనిచెయ్యలేదంటే తనదే తప్పంటారేమో. ఇది మన ఆడవాళ్ళకి చిన్నప్పట్నుంచి పట్టిన రోగం. పరీక్ష ఎవరిదైనా మనమే పాసవ్వాలనుకుంటాం.

డెబ్భయ్యొకటో రోజున సాలూరు నుంచి తిరిగొస్తుంటే రామభద్రపురంలో ఒక అమ్మాయి బస్సెక్కింది. ల్యాబ్‌లో డబ్బాల లెక్కలు చూసే ఇందుమతి. ముప్ఫయ్యేళ్ళుంటాయి, ఎప్పుడూ కంప్యూటరు ముందే కనిపించేది. టిక్కెట్టు కొట్టబోతే సన్యాసమ్మ చెయ్యి పట్టుకుంది.

"మీతో మాట్లాడాలమ్మా. ఫోన్‌లో వద్దనుకున్నాను."

రద్దీ తగ్గాక వెనక సీట్లో కూర్చున్నారు. ఇందుమతి ఫోన్‌లో ఒక బొమ్మ చూపించింది. గీత తిన్నగా ఉంది, చెరువులో నీళ్ళలా.

"ఇది మీ కండరం. డెబ్భయ్యొక్క రోజులు. మగవాళ్ళ మీద ముందు చేసినప్పుడు ఈ గీత కొండల్లా లేచేది, పడేది. తిన్నప్పుడు నిండుతుంది, కండరం బిగుస్తుంది, జారుతుంది, మళ్ళీ బిగుస్తుంది. అలా ఓడి ఓడి నేర్చుకుంటుంది. మీది లేవనే లేదు. మీ ఒక్కరిదే కాదు, పన్నెండుమందిదీ ఇంతే." ఆ అమ్మాయి గొంతు తగ్గించింది. "అమ్మా, మీరేం తింటున్నారు?"

సన్యాసమ్మ టిక్కెట్ల సంచి ఒళ్ళోకి లాక్కుంది. చెప్పనక్కర్లేకపోయింది.

"అనుకున్నాను" అంది ఇందుమతి. "దానికి నిండిన కడుపంటే ఏమిటో తెలీదమ్మా. ఖాళీగా ఉండడం ఒక్కటే నేర్చుకుంది. ఇంకో నలభై తొమ్మిది రోజులు ఇలాగే పోతే గట్టిపడిపోతుంది. ఆ తర్వాత మీరు ఏం తిన్నా అది పట్టుకోలేదు. మళ్ళీ వేరేది పెట్టడానికి అక్కడ చోటు కూడా ఉండదు. ఉన్న సగం కూడా పోతుంది."

బస్సు గతుకులో ఎగిరింది. సన్యాసమ్మ కడ్డీ పట్టుకుని లేచి నిలబడింది. ఆ అమ్మాయిని బస్సులోంచి కిందకి తోసేద్దామా అన్నంత కోపం వచ్చింది.

"డెబ్భయ్యొక్క రోజులు పట్టిందేటమ్మా ఈ మాట అడగడానికి? రోజూ పోన్లు సేసీవోరు గదా, ఎన్నిసార్లు జారింది, ఎన్నిసార్లు జారింది అని. అన్నం తిన్నావా అని ఒక్కదానికి నోరు రాలేదేటి? ఇంటికొచ్చిన సుట్టాన్నైనా అడుగుతాం గదమ్మా ముందు ఆ మాట!"

"తప్పే" అంది ఇందుమతి. కళ్ళు దించుకుంది. "మగవాళ్ళకి వేసిన ప్రశ్నలే మీకూ వేశాం. వాళ్ళెవరూ తిండి మానెయ్యలేదు. మాకు తోచలేదు. నేను పోయిన వారమే పెద్దాయనకి చెప్పాను. ఆయన చూద్దాంలే అన్నారు."

చూద్దాంలే అన్న మనిషిని చూడ్డానికి సన్యాసమ్మ మర్నాడే సెలవు పెట్టి వెళ్ళింది. ఆదివారమైనా అతను ల్యాబ్‌లోనే ఉన్నాడు. నర్సు అడ్డమొచ్చినా ఆగలేదు. ఎనభై మందిని తోసుకుంటూ టిక్కెట్లు కొట్టేదానికి ఒక నర్సు ఏం అడ్డు? చక్రపాణి గది తలుపు తోసి, కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నాను తినడం లేదని మీకు తెలుసా బాబూ?"

అతను కాగితాలు మూశాడు.  "పోయినవారం తెలిసింది. మీరెవరూ చెప్పలేదు. అడగందే అమ్మయినా అన్నం పెట్టదంటారు. చెప్పకపోతే మాకెలా తెలుస్తుంది?"

"అడగాల్సింది ఎవురు బాబూ, నానా మీరా?"

అతని ముఖం ఎర్రబడింది. లేచి కిటికీ దగ్గరికెళ్ళాడు. "చూడండమ్మా. నూటమూడో రోజున ఈ చికిత్సకి అనుమతిచ్చే ఆమోదం కమిటీ వస్తోంది. పన్నెండుమందికీ ఒక్కసారి కూడా జారలేదని ఫైల్లో ఉంది. మీరిప్పుడు తినడం మొదలుపెడితే రోజుకి నాలుగైదుసార్లు జారుతుంది. ఫైలు వెనక్కి పోతుంది. మళ్ళీ రావడానికి ఐదేళ్ళు పడుతుంది. బయట లక్షలమంది మీలాంటి ఆడవాళ్ళు కాచుకుని ఉన్నారు. ముందు ఆమోదం రానివ్వండి. తర్వాత వచ్చేవాళ్ళకి తిండి సంగతి కూడా చేర్చి సరిచేసుకుందాం."

"తర్వాత వొచ్చీవోళ్ళకి. మరి మా పన్నెండుమందికీ?"

చక్రపాణి కిటికీలోంచి కిందకి చూస్తూ ఉండిపోయాడు. చెడ్డవాడైతే బాగుండునని సన్యాసమ్మకి అనిపించింది. చెడ్డవాణ్ణి తిట్టడం తేలిక. ఇతను పదిహేనేళ్ళు దేనికోసం కష్టపడ్డాడో ఆ మనిషి ఎదురుగా కూర్చుంటే, ఆమె మొహం చూడకుండా లక్షలమందిని చూస్తున్నాడు.

"నాను ఇయాళ మద్దాన్నం నుంచి తింటాను" అంది లేస్తూ. "కందిపప్పు, అన్నం, వంకాయ కూర. ఆపండి సూద్దాం."

"అయితే మిమ్మల్ని లెక్కలోంచి తీసెయ్యాల్సొస్తుంది. మధ్యలో మానేసినట్టు రాస్తాం."

"రాసుకోండి. కండరం నాది గదా, దాన్ని కూడా మధ్యలో మానీమని సెప్పండి!"

ఇంటికొచ్చి పొయ్యి ముందు కూర్చుని తింటుంటే అప్పయ్యమ్మ గుమ్మంలో నిలబడిపోయింది. "ఏటే, ఇయాళ ఆదివారం గదా? సూర్యనారాయణమూర్తికి ఉపాసం గదా?"

"సూర్యనారాయణమూర్తికి కాదత్తా. ఏ దేవుడికీ కాదు." అన్నం ముద్ద చేతిలో పట్టుకునే పద్దెనిమిదేళ్ళ సంగతి ముసలామెకి చెప్పేసింది. చెబుతున్నంతసేపూ ఏడవలేదు, ముద్ద వెనక ముద్ద తింటూనే చెప్పింది. అత్త నోరు తెరిచి వింది. కోడల్ని తిడుతుందో, ఇంట్లోంచి పొమ్మంటుందో అనుకుంది సన్యాసమ్మ. ముసలామె గిన్నెలో మిగిలిన పప్పంతా తెచ్చి కంచంలో గుమ్మరించి, "ఓసి నీ బతుకు కాలిపోను, నాకు సెప్పొద్దేటే! ఆ దేవుళ్ళందరికీ నా సేత కొబ్బరికాయలు కొట్టించినావు గదే!" అని గుండెలు బాదుకుంది.

అసలు చెప్పాల్సింది డ్రైవరు దాలినాయుడికి. ఆరేళ్ళనుంచి ఒకే బస్సు మీద పనిచేస్తున్నారు. "పేరుకు తగ్గట్టు సన్నాసం పుచ్చీసుకుంటావేటి సన్యాసమ్మా" అని వేళాకోళమాడే మనిషి. మర్నాడు పొద్దున్న బస్సు తియ్యకముందు అతని కిటికీ దగ్గర నిలబడి చెప్పింది. కండరం తిన్నాకే నేర్చుకుంటుంది. ఇంట్లో కూర్చుంటే గతుకులు నేర్చుకోదు. బస్సులోనే నేర్చుకోవాలి. మధ్యలో ఎక్కడైనా ఆపాల్సొస్తుంది, ఒక్కోసారి ఆపేలోపే అయిపోతుంది.

దాలినాయుడు స్టీరింగు తుడుస్తూ విన్నాడు. ఒక్క వేళాకోళం కూడా ఆడలేదు. "గంట వరసగా మూడుసార్లు కొట్టు. తోవలో యాడున్నా ఆపీస్తాను. ఎందుకని అడగను" అన్నాడు. గుడ్డ పక్కన పెట్టి, "మా ఆడది కూడా ఉపాసాలు సేస్తాదమ్మా. ఒకసారి మాటాడతావేటి?" అన్నాడు.

ఆ వారం నరకం. మొదటిరోజు ఐదుసార్లు. గజపతినగరం దాటాక ఒకసారి మూడు గంటలూ కొట్టి మామిడితోటలోకి పరిగెత్తింది, సగందారిలోనే అయిపోయింది. తిరిగొచ్చేసరికి ముందు సీట్లో ఇస్త్రీ చొక్కా పెద్దమనిషి ఒకడు వాచీ చూపించి అరిచాడు. "ఏంటిది? మాకు పనుల్లేవా? నీ ఇష్టమొచ్చినచోట ఆపడానికి ఇది నీ ఇంటి బండా?"

"కాన్పులో చిరిగినచోట కొత్త కండ పెట్టారు బాబూ, అది ఇంకా నేర్చుకుంటన్నాది" అంది సన్యాసమ్మ బస్సంతా వినబడేలా. "మిమ్మల్ని కన్న తల్లికి చిరిగిందో లేదో ఇంటికెళ్ళి అడగండి. ఎవురూ అడిగుండరు." ఆ మనిషి దిగేదాకా కిటికీలోంచి బయటికే చూశాడు. వెనక సీట్లోంచి ఒకామె చప్పట్లు కొట్టింది గానీ, సన్యాసమ్మ టిక్కెట్ల సంచి అడుగునుంచి పాత తువ్వాలు తీసింది. అలా అరవడం సుఖమేమీ కాదు. అరిచినా లంగా తడిసే ఉంది.

రెండోవారం రోజుకి మూడు. మూడోవారం ఒకటి, ఒక్కోరోజు రెండు. తొంభై ఆరోరోజున బొండపల్లి దగ్గర గతుకులో కడుపు బిగుసుకుంది. బస్సు ఆపించడానికి గంట తాడు మీద చెయ్యి వేసింది. లోపల ఏదో మూసుకున్నట్టైంది. ఎవరో పిడికిలి బిగించినట్టు. ఆమె బిగించలేదు, దానంతటదే బిగిసింది. బస్టాండు దాకా పదకొండు నిమిషాలు. పదకొండు నిమిషాలు అది ఆగింది! సన్యాసమ్మ బస్టాండు బాత్రూములో గోడకి తల ఆనించి నవ్వింది, ఏడ్చింది, బయటికొచ్చి దాలినాయుడికి టీ ఇప్పించింది. అతను ఎందుకని అడగలేదు.

తనది నేర్చుకుంటోంది. మిగతా పదకొండుమందివి? వాళ్ళ పేర్లు తెలీవు, ఊళ్ళు తెలీవు, నంబర్లు తప్ప. లెక్కలోంచి తీసేశాక తనని గురువారాలు ల్యాబ్‌కి రానివ్వడం లేదు. ఇందుమతిని అడిగితే ఇవ్వడానికి వీల్లేదంది. కానీ ఫోను పెట్టెయ్యబోతూ అంది, "బుధవారం నూటమూడో రోజు. కమిటీ వస్తోంది. భోజనాలున్నాయి. అందరూ వస్తారమ్మా."

బుధవారం సన్యాసమ్మ కంచిపట్టు కట్టుకోలేదు గానీ, పెళ్ళికి వెళ్ళే చీరే కట్టుకుని వెళ్ళింది. గేటు దగ్గర వాచ్‌మన్ పేరడిగితే "ఏడు" అంది. లోపల హాల్లో అరిటాకులు వేసి బంతి తీర్చారు. పులిహోర, గుమ్మడికాయ దప్పళం, వంకాయ కూర, బూరెలు, గడ్డపెరుగు. ఒక పక్క కమిటీవాళ్ళు ముగ్గురు, మధ్యలో తెల్లజుట్టు పెద్దావిడ. వాళ్ళకెదురుగా పదకొండుమంది ఆడవాళ్ళు ఆకుల ముందు కూర్చున్నారు. చక్రపాణి నిలబడి మాట్లాడుతున్నాడు. నూటమూడు రోజులు, ఒక్కసారి కూడా జారలేదు అంటున్నాడు.

కమిటీవాళ్ళు తింటున్నారు. పదకొండు ఆకుల్లో మెతుకు కదల్లేదు. పదకొండుమంది చేతులూ ఒళ్ళో ఉన్నాయి. వాళ్ళ కళ్ళు ఎక్కడున్నాయో సన్యాసమ్మకి వెంటనే తెలిసింది. హాలు చివర బాత్రూము మీదున్నాయి. దాని తలుపుకి తాళం వేసుంది, మీద కాగితం అంటించుంది, కమిటీ సభ్యులకు మాత్రమే అని. ఈ రోగానికి మందు కనిపెట్టిన ల్యాబ్‌లో! 

వెళ్ళి బంతి చివర ఖాళీ ఆకు ముందు కూర్చుంది. వడ్డించేవాణ్ణి పిలిచి అన్నీ వేయించుకుంది. హాలంతా చూస్తుండగా కలిపి తినడం మొదలుపెట్టింది. చక్రపాణి మాట ఆగిపోయింది.

"ఆగిపోయారేటి బాబూ, సెప్పండి" అంది నోట్లో ముద్దతోనే. "సెప్పడం అయ్యాక ఈ అమ్మలు ఎందుకు తినడం లేదో అడగండి."

తెల్లజుట్టు పెద్దావిడ చెయ్యి ఆకు మీద ఆగింది. ఎదురుగా ఉన్నామెని చూసింది. "ఏమ్మా, తినరేం?"

"ఉపవాసమండి" అంది ఆమె, నాలుగో నంబరు, నవ్వడానికి ప్రయత్నిస్తూ.

"మీరు?"

"నాకూనండి. వినాయకుడికి."

"నాకు సుబ్రహ్మణ్యస్వామికండి."

"బుధవారం పూట ఇంతమందికా?" అంది పెద్దావిడ నెమ్మదిగా. ఆకులన్నీ ఒకసారి చివరిదాకా చూసింది. ఆమె కూడా బిడ్డల్ని కన్నదే అయుంటుంది, అర్థమవడానికి ఎంతోసేపు పట్టలేదు. "ఎప్పట్నుంచి తినలేదు?"

 చివరికి నాలుగో నంబరు అంది, "నిన్న పొద్దున్నుంచండి." పక్కామె మొన్నట్నుంచి అంది. ఆ పక్కన ఉన్న బక్కచిక్కిన టీచరమ్మ తలొంచుకుని, ఇక్కడికి రావాలంటే రెండురోజుల ముందునుంచే మానేస్తామండి, చార్టు పాడవుతుందని, అంది.

ఇందుమతి కుర్చీలోంచి లేచింది. చక్రపాణి ఆమెకేసి వద్దన్నట్టు చెయ్యెత్తాడు. ఆ అమ్మాయి అతన్ని చూడకుండా వెళ్ళి పెద్దావిడ ముందు రెండు కాగితాలు పెట్టింది. ఒకదాని మీద పదకొండు తిన్నని గీతలు. రెండోదాని మీద కొండల్లా లేచి పడుతున్న గీత ఒక్కటి. "ఇది మేం లెక్కలోంచి తీసేసిన ఏడో నంబరుదండీ. ముప్ఫై రెండు రోజుల్లో డెబ్భై తొమ్మిదిసార్లు జారింది. పోయినవారం రెండేసార్లు. ఇదొక్కటే పనిచేస్తోంది."

"డాక్టరుగారూ, ఇది మీకు తెలుసా?" అని అడిగింది పెద్దావిడ.

చక్రపాణి నిలబడ్డచోటే కూర్చున్నాడు.  తెలుసని తలూపాడు.

పెద్దావిడ ఫైలు మూసి పక్కన పెట్టింది. కమిటీ మగవాళ్ళిద్దరూ ఇంగ్లీషులో ఏదో గొడవ మొదలుపెట్టారు. ఫైలు ఏమవుతుంది, ఐదేళ్ళా పదేళ్ళా అని. సన్యాసమ్మకి ఆ ఫైలు అక్కర్లేదు. ఆమె బంతి మధ్యలోకి వచ్చి నిలబడింది.

"ఇంకా పదిహేడు రోజులున్నాయి" అంది పదకొండుమందితో. "తర్వాత అది రాయైపోద్ది. పూర్తిగా నేరుస్తాదో లేదో నాకు తెలీదు, ఈ పిల్లకీ తెలీదు. సగమైనా నేరుస్తాది. జారతాది. రోజుకి ఐదుసార్లు జారతాది. నాకు బస్సులో జారింది, తోటలో జారింది, ఎనభైమంది ముందర జారింది. నాను సావలేదు. తినండి."

ఒక్క చెయ్యీ లేవలేదు. నాలుగో నంబరు అన్నం మీద వేళ్ళు పెట్టింది, మళ్ళీ ఒళ్ళోకి లాక్కుంది. ఆమె చూపు ఎటుపోయిందో సన్యాసమ్మ చూసింది. ఆ చూపు పద్దెనిమిదేళ్ళు తనదే.

ల్యాబ్ మేనేజరు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు, తాళాలగుత్తి వేలికి తగిలించుకుని. సన్యాసమ్మ అతని దగ్గరికి వెళ్ళి చెయ్యి చాపింది. అతను చక్రపాణికేసి చూశాడు. "ఆయన్ని సూడకు, నన్ను సూడు" అంది. అతను ఇవ్వలేదు, వద్దనీ అనలేదు. అతని వేలినుంచి గుత్తి ఆమే తీసుకుంది. నడిచివెళ్ళి తాళం తీసింది, కాగితం చింపి పారేసింది, తలుపు బార్లా తెరిచి కుర్చీ లాక్కుని దాని పక్కనే కూర్చుంది.

"తినండమ్మా, భయం లేదు" అంది. "తాళంచెవి నా కాడున్నాది."

నాలుగో నంబరు దప్పళం కలుపుకుంది. టీచరమ్మ వడ్డించేవాణ్ణి పిలిచి ఇంకొంచెం కూర వెయ్యమంది.